తెర వెనక దీపం

ఖాసింవలీ సారు ఏ ప్రశ్నకూ వెంటనే జవాబు చెప్పరు. నంద్యాలలో ఆయన దగ్గర టీవీలు, మానిటర్ల రిపేరు నేర్చుకుంటున్న సుంకులమ్మ ఒకరోజు అడిగింది. "పాత ట్యూబు తెరా నల్లబడతాది, ఇప్పటి ఎల్‌సీడీ తెరా నల్లబడతాది. రెండింటికీ తేడా ఏంది సార్?" జేబులో ఎప్పుడూ ఉండే చిన్న టార్చిని తడుముకుని, "చూద్దాంలే," అన్నారాయన.

అప్పటికి సుంకులమ్మకు బాగా వచ్చింది ట్యూబు ఒక్కటే. కంటికి కనబడని రేణువుల ధార వెనక నుంచి వచ్చి గాజు లోపలి పూతను కొడుతుంది. కొట్టినచోట పుట్టే వెలుగే బొమ్మ. ధార ఆగితే వెలుగూ లేదు, బొమ్మా లేదు.

ఆ వారమే ఆమె అక్క మద్దిలేటమ్మకు ఆపరేషన్ అయింది. ఆ రోజు మధ్యాహ్నం సారు ఆసుపత్రికి చూడటానికి వెళ్లేసరికి అక్క ఇంకా మత్తులోనే ఉంది. మంచం పక్కన మానిటర్లో గుండె గీత నడుస్తోంది. పక్క పేషెంట్లకు ఇబ్బందని దాని చప్పుడు ఆపేశారు. సుంకులమ్మ పొద్దుటి నుంచి ఆ గీత మీదే కళ్లు పెట్టుకుని కూర్చుంది. ఉన్నట్టుండి తెర నల్లబడింది.

ఆమె పైప్రాణాలు పైనే పోయాయి. అంత భయం పగవాళ్లకు కూడా వద్దు.

"గీత ల్యాదు సార్. అక్క పాయ," అంటూ నేల మీద కూలబడింది.

సారు టార్చి వెలిగించి తెర మీదికి ఏటవాలుగా పట్టారు. నల్లటి తెరలో సన్నగా, పాలిపోయి, గీత లేస్తూ పడుతూ కనిపించింది.

"ఎల్‌సీడీ తనంతట తాను వెలగదమ్మా. వెనక దీపం వెలుగుతుంటే, ముందున్న పొర కొంత వదిలి కొంత ఆపి బొమ్మ చేస్తుంది. పోయింది దీపం. పొర పని చేస్తానే ఉండాది."

సారు కేకేస్తే నర్సు వచ్చి మానిటర్ మార్చింది. గీత మళ్లీ పచ్చగా నడిచింది. అయినా కాసేపటికి సుంకులమ్మకు ఇంకో భయం పట్టుకుంది.

"కొత్త ఓఎల్ఈడీ తెరలకు వెనక దీపమే లేదంట గదా సార్. ఒక్కో చుక్కా తనకు తానే వెలుగుతాదంట. అది నల్లబడితే టార్చి వేసినా ఏమీ కనబడదు. అప్పుడెట్ల?"

సారు టార్చి జేబులో పెట్టుకున్నారు. మద్దిలేటమ్మ చెయ్యి దుప్పటి బయట, చెల్లెలి భుజం పక్కనే ఉంది, మణికట్టు దగ్గర నాడి సన్నగా కొట్టుకుంటూ.

"పొద్దుటి నుంచి మీయక్క చెయ్యి నీ పక్కనే ఉండె గదమ్మా," అన్నారు.