వాపు దిగని కాలు

ఒక మడుగు ఒడ్డున ఒక కొంగ ఉండేది. నిలబడడం దాని పని. పొద్దున్నుంచి పొద్దుగూకే దాకా ఒంటికాలి మీద నిలబడేది. చేప వస్తే పట్టేది, రాకపోతే రేపు వస్తుందిలే అనుకునేది. ఆ పనిలో దానికి సాటి వచ్చేవాళ్లు చుట్టుపక్కల ఎవరూ లేరు. ఆ సంగతి తనకూ తెలుసు కాబట్టి మెడ ఇంకాస్త సాచి మరీ నిలబడేది.

ఒకరోజు నీళ్లు తాగడానికి వచ్చిన దున్నపోతు దాని కాలు తొక్కింది. కావాలని కాదు. అంత ఒళ్లున్నవాళ్లు కిందికి చూసి నడిచే అలవాటు ఆ మడుగులో లేదు. తొక్కి, కడుపునిండా నీళ్లు తాగి, తోక ఊపుకుంటూ వెళ్లిపోయింది. కొంగ కుంటుకుంటూ గట్టెక్కి కూలబడింది.

సాయంత్రానికల్లా పిల్లి వచ్చింది. దున్నపోతు తరఫున మంచీ చెడ్డా చూసుకునేది పిల్లే. ఒక చేతిలో చేపల బుట్ట, ఇంకో చేతిలో పలకలా పరిచిన తడిమట్టి.

"ఎలా ఉన్నావక్కా?" అంది పిల్లి.

"బాగానే ఉన్నానమ్మా," అంది కొంగ. గుమ్మంలోకి వచ్చి అడిగినవాళ్లతో ఇంకేమంటాం?

"హమ్మయ్య. మా దొర ఒకటే బాధపడిపోతున్నాడు. ఈ చేపలు తిని రెండ్రోజులు పడుకో. ఈ మట్టి మీద ఒక్కసారి కాలు పెట్టావంటే నా పనీ అయిపోతుంది."

ఆ మడుగులో రాతకోతలు లేవు. తగవు తీరిందంటే తడిమట్టి మీద కాలి ముద్ర వెయ్యాలి. ఎండకు ఆ ముద్ర ఆరిందంటే ఇక ఆ తగవు గురించి ఎవరూ నోరెత్తకూడదు.

కొంగ కాలు ఎత్తింది. వేళ్లు ఎక్కడున్నాయో తెలియనంతగా ఉబ్బిపోయింది. తన కాలే తనకు ఎవరిదోలా కనిపించింది. ఎందుకో మనసొప్పలేదు.

"రేపు వేస్తానమ్మా," అంది.

"రేపటికి చేపలు ఉంటాయో ఉండవో అక్కా," అంటూ పిల్లి బుట్ట తీసుకుని వెళ్లిపోయింది.

ఆ పూట కొంగకు భయం పట్టుకుంది. నిలబడలేని కొంగ ఏం తింటుంది? అసలు దాన్ని కొంగ అని ఎవరంటారు?

తెల్లవారగానే ఎలాగో ఎగిరి పసులపోలిగాడి దగ్గరికి వెళ్లింది. ఒంటినిండా నలుపు, రెండుగా చీలిన తోక, గద్దనైనా తరిమికొట్టే తెగువ ఉన్న చిన్న పిట్ట అది. నోరులేని వాళ్ల తరఫున మాట్లాడేది ఆ పోలిగాడే.

అప్పటికే అక్కడ ఒక కప్ప గొడవ చేస్తోంది. "మేక నా వీపు గీరింది బాబాయ్. దాని సంగతి తేల్చాల్సిందే."

"నొప్పి ఉందా?" అన్నాడు పోలిగాడు.

"నిన్న ఉంది."

"గెంతుతున్నావా?"

"గెంతుతూనే వచ్చాను."

"మేక ఏమంది?"

"తప్పయిందంది."

"అలాంటప్పుడు మధ్యలో నేనెందుకురా? నీ తగవుకు నీ నోరు చాలు. వెళ్లి దానితోనే మాట్లాడుకో."

కప్పకు తన నోటి మీద తనకు గౌరవం పెరిగింది. హుషారుగా గెంతుకుంటూ వెళ్లిపోయింది.

అది చూసి కొంగకు సిగ్గేసింది. "నాదీ చిన్న దెబ్బేనేమో పోలన్నా. ఇంకో కాలు ఉండనే ఉంది. పైగా పిల్లి బుట్టెడు చేపలు తెచ్చింది."

తోక దువ్వుకుంటున్న పోలిగాడు ఆగిపోయాడు. "పిల్లి, తనంతట తాను, చేపలు ఇస్తానందా?"

"అవును. పాపం, మంచిదే."

"పిల్లి చేపలు వదులుకోవడానికి సిద్ధపడిందంటే, నీకు ఎంత దెబ్బ తగిలిందో నీకంటే ముందు దానికి తెలిసిందన్నమాట. వాపు దిగని కాలు ఏ మట్టి మీదా పెట్టకు. ఎంత పోయిందో తెలియకుండా తగవు తీరిందని ఎలా చెబుతావు? అది సరే, ఆ దున్నపోతు అడుగు ఇంకా అక్కడే ఉందా?"

"బురదలో అలాగే ఉంది."

"పడమటి మబ్బు చూశావా?"

కొంగ చూసింది. వాన పడితే అడుగు చెరిగిపోతుంది. ఇద్దరూ ఒక్క ఊపున ఎగిరి వెళ్లి ఆ అడుగు మీద తామరాకు కప్పి, చుట్టూ రాళ్లు పెట్టారు. చివరి రాయి పెడుతుండగా మొదటి చినుకు పడింది.

"నీకేం ఇచ్చుకోను?" అంది కొంగ.

"నువ్వు మళ్లీ గడ్డిలో నడిస్తే మిడతలు లేస్తాయి. అవి నావి. నడవలేకపోతే నాకేమీ వద్దు."

మూడు రోజులు వాన కురిసింది. నాలుగో రోజు తగవులు తీర్చే తాబేలు తాత ముందు విచారణ మొదలైంది. మడుగు మడుగంతా ఒడ్డుకు చేరింది.

పిల్లి గొంతు సవరించుకుంది. "మా దొర ఆ రోజు ఆ దిక్కుకే రాలేదు తాతా."

పోలిగాడు తామరాకు తీశాడు. కింద గుమ్మడికాయంత గిట్ట ముద్ర ఉంది. దాని నడిమధ్య కొంగ ముందువేళ్లు మూడూ అచ్చుగుద్దినట్టు ఉన్నాయి. దున్నపోతు ఆకాశం వైపు చూసింది.

"వచ్చాడే అనుకుందాం," అంది పిల్లి. "ఎలా ఉన్నావంటే బాగానే ఉన్నానని కొంగే చెప్పింది. కాదనమనండి."

కొంగ తల దించుకుంది. పుట్టి మునిగిందనుకుంది.

పోలిగాడు తాబేలు వైపు తిరిగి వినయంగా అడిగాడు. "ఎలా ఉన్నావు తాతా?"

"బాగానే ఉన్నాను నాయనా," అంది తాబేలు. పొద్దున్నుంచి మెడ పట్టేసిందని కనిపించినవాళ్లందరితో మొరపెట్టుకున్నది కూడా ఆ తాబేలే. ముందు కప్ప నవ్వింది. తర్వాత ఒడ్డంతా నవ్వింది. తాబేలు మెడ తడుముకుని తనూ నవ్వేసింది.

పిల్లి మీసం కూడా కదపలేదు. "చివరి మాట తాతా. కొంగ నిలబడేదే ఒంటికాలి మీద. రెండో కాలు ఉంటే ఎంత, లేకపోతే ఎంత?"

ఒడ్డంతా నవ్వు ఆపింది. పోలిగాడు కొంగ వైపు చూసి, "ఇది నువ్వే చెప్పాలి," అన్నాడు.

కొంగ మెడ ఎత్తింది. "ఒంటికాలి మీదే నిలబడతాను తాతా. కానీ రోజంతా అదే కాలు మీద కాదు. ఒకటి నిలబడితే ఇంకోటి నిద్రపోతుంది. తొక్కింది ఒక కాలినే. నిద్ర కరువైంది మాత్రం రెండో కాలికి."

తాబేలు చాలాసేపు ఆలోచించింది. దానికి ఆలోచన కూడా నిదానమే. చివరికి తీర్పు చెప్పింది. కాలు బాగయ్యే దాకా కొంగ దున్నపోతు వీపు మీద ఉండాలి. తిండి ఎక్కడ దొరికితే దున్నపోతు అక్కడికి మోసుకెళ్లాలి.

ఆ రోజులు కొంగ జన్మలో మరిచిపోలేదు. దున్న అడుగు వేస్తే గడ్డిలోంచి పురుగులు వాటంతట అవే నోటి దగ్గరికి వచ్చేవి. పైనుంచి మడుగు ఆ కొస దాకా కనిపించేది. "దొరా, ఎడమ పక్క కప్ప ఉంది," అనేది. మొదట్లో దున్నపోతు విసుక్కుంది. తర్వాత కిందికి చూడడం అలవాటైంది. కింద ఇంతమంది ఉన్నారా అని ఆశ్చర్యపోయింది. వాళ్లు పలకరిస్తుంటే ముచ్చటపడింది.

నెలన్నరకు వాపు దిగింది. కొంగ తడిమట్టి మీద కాలు పెట్టింది. మూడు వేళ్లు ముందుకు, ఒకటి వెనక్కి, ముద్ర చక్కగా పడింది. తర్వాత గడ్డిలో నడిచింది. మిడతలు లేచాయి. ఆ పూట పోలిగాడు ఎగరలేనంతగా తిన్నాడు.

తీర్పు గడువు తీరినా కొంగ అప్పుడప్పుడూ దున్న వీపెక్కి కబుర్లు చెప్పేది. అలాంటి ఒకరోజు, దారిన పోతున్న ఏనుగు తొండంతో పక్కకి తోసిన మాను వచ్చి దున్నపోతు ముందుకాలి మీద పడింది. ఏనుగు చూసుకోలేదు, బురదలో అడుగులు వేసుకుంటూ వెళ్లిపోయింది.

సాయంత్రానికల్లా పిల్లి వచ్చింది. ఇప్పుడది ఏనుగు కొలువులో ఉంది. పచ్చగడ్డి మోపు, తడిమట్టి పలక తెచ్చింది.

"ఎలా ఉన్నావు దొరా?"

"బా..." అని ఆగిపోయింది దున్నపోతు. వీపు మీద కొంగ నిలబడిన కాలు మార్చి, రెండోదాన్ని పొట్ట కింద ముడుచుకుంది, అంతే.

దున్నపోతు తల వంచి తన గిట్ట వంక చూసుకుంది. అది ఉబ్బి ఉంది. మట్టి మీదికి ఎత్తిన కాలు మెల్లగా పక్కన గడ్డిలో పెట్టింది.

"పడమట మబ్బు ఉందా?" అని అడిగింది.

కొంగ అప్పటికే తామరాకుల వైపు ఎగిరింది.