తోక కదిలితే ఆమోదం

అడవి అయిపోయి పొలాలు మొదలయ్యే చోట జంతువులు కట్టుకున్న పట్నం ఒకటుంది. పట్నమన్నాక కౌన్సిలుండాలి, కౌన్సిలన్నాక సమావేశాలుండాలి, సమావేశమన్నాక ఎవరో ఒకరు నిద్రపోవాలి. ఆ చివరి పని గాడిద వీరాసామి ఏ లోటూ రాకుండా చూసుకునేవాడు.

గేదె ఓబులమ్మకి ఆ సుఖం కూడా లేదు. ఆవిడ మోతపేట నుంచి గెలిచిన కౌన్సిలర్లలో ఒకరు. మోతపేటంటే బరువులు మోసేవాళ్ళూ బళ్ళు లాగేవాళ్ళూ ఉండే పేట. సమావేశానికి వెళ్ళడం, నెమరేస్తూ కూర్చోవడం, సాయంత్రానికి నడుం నొప్పితో ఉత్తచేతులతో ఇంటికి రావడం, గెలిచిన దగ్గర్నుంచీ ఇదే తంతు. ఎందుకు గెలిచానురా భగవంతుడా అని ఆవిడ అనుకోని రోజు లేదు.

పోనీ ఆవిడ అడిగేది గొంతెమ్మ కోరికా అంటే, కాదు. పేట నడిమధ్యన పెద్ద రాతితొట్టి ఉంది. కొండ మీది ఊట నుంచి కాలువ వచ్చి దాన్ని నింపేది. చైర్మన్ నక్క జంబులింగం ఆ కాలువని తాత్కాలికంగా అంటూ తన ఇంటి వెనక్కి మళ్ళించుకుని పుచ్చతోట వేసుకున్నాడు. తోటకి మున్సిపల్ ఉద్యానవనమని బోర్డు పెట్టించాడు. బోర్డు ఊరందరిదీ, కాయలు మాత్రం ఆయనవీ, ఆయన వెంట తిరిగే కోతులవీ. తాత్కాలికం అన్న మాటంత మొండిది ఇంకోటి లేదు, ఒకసారి వచ్చి కూర్చుంటే లేవదు.

మోతపేటవాళ్ళు నీళ్ళకి వాగుదాకా నడిచేవాళ్ళు. కాళ్ళున్నవాళ్ళు నడిచారు. ముసలి ఎద్దు సోమన్నకి మోకాళ్ళు పోయాయి. నలభై బస్తాల బండి లాగిన మనిషి, సారీ, ఎద్దు, ఇప్పుడు ఎండిన తొట్టి పక్కన కూలబడి దాని అడుగు నాకుతున్నాడు. ఓబులమ్మ రోజూ వాగు నుంచి తడి తుంగ నోట కరుచుకుని తెచ్చి ఆయన ముందు పెట్టేది. వేసవి ముదిరాక ఆ తుంగ దారిలోనే సగం ఆరిపోతోంది. ఇంకొన్నాళ్ళు ఇలాగే సాగితే సోమన్న ఉండడు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు, ఆయనకీ తెలుసు, ఇద్దరూ పైకి అనుకోరు.

ఇక ఆ కౌన్సిలులో ఓటు సంగతి చెప్పాలి. చేతులెత్తుదామంటే సగంమందికి చేతుల్లేవు. గొంతెత్తుదామంటే వీరాసామి గొంతు తప్ప ఇంకోటి వినపడదు. అందుకని జంబులింగం ఒక రూలు రాయించాడు. తోక కదిలితే ఆమోదం, కదలకపోతే వ్యతిరేకం. వినడానికి బాగానే ఉంది కదా. తర్వాత ఆయన సమావేశాన్ని చల్లటి పొద్దుటి పూట నుంచి మిట్టమధ్యాహ్నానికి మార్చాడు. ఆ తర్వాత రావిచెట్ల నీడ నుంచి ఎలుగుబంట్ల బెల్లం గానుగ పక్క రేకుల షెడ్డులోకి మార్చాడు. బెల్లమున్న చోట ఈగలుంటాయి. ఈగలున్న చోట ఎద్దయినా గేదయినా గాడిదయినా తోక విదిలించకుండా ఎంతసేపుంటుంది? కోతులకి ఆ ఇబ్బంది లేదు. అవి తమ తోకల్ని చక్కగా చేతుల్లో పట్టుకుని కూర్చునేవి, చైర్మన్ కన్ను గీటితే ఊపేవి, లేకపోతే లేదు. చైర్మన్‌కి వెనక నిలబడి విసిరేందుకు నెమలీకల విసనకర్రతో ఒక కోతి ఉండనే ఉంది.

ఆ రోజు ఓబులమ్మ తన అంశం కోసం ఎదురుచూస్తూ కూర్చుంది. ఎప్పటిలాగే అది అజెండాలో ఆఖరిది. కార్యదర్శి కొంగ ఒంటికాలి మీద నిలబడి చదువుకుంటూ పోతోంది. ఈగలు ముసురుతున్నాయి. చైర్మన్‌గారి ఇంటికి రంగులు, ఆమోదం. కోతుల తోపుకి కొత్త ఉయ్యాలలు, ఆమోదం. పాత ఉయ్యాలల తాళ్ళ ఖర్చు మీద విచారణ వద్దు, ఆమోదం.

"మోతపేటలో నీళ్ళు లేని రాతితొట్టి పగలగొట్టి, ఆ స్థలంలో చైర్మన్‌గారి శిలావిగ్రహం," అని చదివింది కొంగ.

ఓబులమ్మకి నెమరు గొంతులో అడ్డుపడింది. అదే క్షణంలో తొడ మీద ఈగ కుట్టింది. తోక దానంతటది లేచి ఫట్మని కొట్టింది. పక్కన ఎద్దులూ గుర్రమూ కూడా అదే పనిలో ఉన్నాయి.

"ఏకగ్రీవం," అన్నాడు జంబులింగం.

"ఆగండి చైర్మన్‌గారూ," అని లేచింది ఓబులమ్మ. "నేను ఒప్పుకోలేదు. ఈగ తోలుకున్నాను."

"తోక కదిలిందా లేదా?"

"కదిలింది గానీ, ఈగ..."

"ఓబులమ్మా, నీ మీద నాకు గౌరవం ఉంది. కానీ ఈగ తోలుకున్నావా, దోమ తోలుకున్నావా, సరదాకి ఊపావా అని కౌన్సిల్ అడుగుతూ కూర్చోదు. కారణాలు రికార్డుకెక్కవు. తోక తోకే. ఏం కార్యదర్శీ?"

"తోక తోకే అని రాసుకున్నానండీ," అంది కొంగ.

"మరి తొట్టికి నీళ్ళివ్వమని నేను పెట్టిన అంశం?"

"తొట్టే లేనప్పుడు నీళ్ళెందుకమ్మా? సభ వాయిదా."

గాడిద వీరాసామి అప్పుడే మేలుకుని, "ఏమయిందక్కా, మనదొచ్చిందా?" అన్నాడు.

"వచ్చింది, పోయింది," అంది ఓబులమ్మ. "ఇంటికి పోదాం పద."

సోమన్న ఎదురు చూస్తున్నాడు. తొట్టికి చేరబడి, "ఏమన్నారు తల్లీ?" అని అడిగాడు.

తన తోకే తన పేట గొంతు కోసిందని ఆవిడ ఏ నోటితో చెప్పాలి? సిగ్గుతో ఒళ్ళంతా మండిపోయింది. చివరికి ఉన్నదున్నట్టు చెప్పేసింది. సోమన్న కోపగించుకోలేదు, అదింకా కష్టంగా అనిపించింది.

"ఎద్దు పుండు కాకికి ముద్దా తల్లీ," అన్నాడాయన. "విగ్రహమెప్పుడు పెడతారట?"

"వచ్చే సమావేశంలో తీర్మానాలు ధ్రువీకరించాలి. ఆ తర్వాత పగలగొడతారు."

"అయితే అందాకా దీనికి ఆనుకునుంటాను. రాయి చల్లగానే ఉంది."

మర్నాడు వాగు నుంచి తుంగ తెస్తూ తెస్తూ ఆవిడ పుచ్చతోట కంచె దగ్గర ఆగిపోయింది. ఇంక కాళ్ళు సాగలేదు. తోటకి ఎక్కువై పొర్లిన నీళ్ళు కంచె కింద నుంచి బయటికొచ్చి, నల్లటి బురదగుంటయి నిలిచాయి. సోమన్న గుక్కెడు నీళ్ళకి చస్తుంటే ఇక్కడ నీళ్ళు తాగేవాడు లేక కుళ్ళుతున్నాయి. ఆవిడకి ఏడుపొచ్చింది. ఏడుపొచ్చినా గేదె గేదే కదా, బురద కనిపిస్తే ఆగలేదు. తుంగ పక్కన పెట్టి అందులో దిగి మెడదాకా పడుకుంది. లేచి గట్టు మీద ఒళ్ళు ఆరబెట్టుకుంటూ కాసేపు నెమరేసింది.

నెమరేసేవాళ్ళకి ఆలోచన మెల్లగా వస్తుంది గానీ గట్టిగా వస్తుంది. చుట్టూ కుళ్ళిన పుచ్చతొక్కల మీద ఈగలు జుయ్యిమంటున్నాయి. ఆవిడ మీద ఒక్కటీ వాలడం లేదు. వాలినా బురద పెచ్చు దాటి కుట్టలేక ఎగిరిపోతోంది. ఈ తోకకి ఇవాళ పనేమీ లేదేమిటి చెప్మా అనుకుంది. అనుకుని, నమలడం ఆపేసింది.

సమావేశం రోజు మోతపేట కౌన్సిలర్లందరినీ ఆవిడ ముందుగా ఆ గుంట దగ్గరికే తీసుకెళ్ళింది.

"కౌన్సిలుకి బురదతో వెళ్తే మర్యాదేనా అక్కా?" అన్నాడు వీరాసామి.

"మర్యాదగా వెళ్ళి ఏం తెచ్చామురా ఇన్నాళ్ళూ? దిగు. తోక మొదట్లో బాగా పట్టించు."

గుర్రం కాస్త గునిసింది. సోమన్న పేరు చెప్పేసరికి అదీ దిగింది.

బురద పెచ్చులు రాలుస్తూ వరసగా వచ్చి కూర్చున్న మోతపేటని చూసి జంబులింగం ముక్కు మూసుకున్నాడు. "ఇదేం అవతారం ఓబులమ్మా? సభకి వచ్చేటప్పుడు స్నానం చేసి రావద్దూ?"

"స్నానానికి నీళ్ళేవి చైర్మన్‌గారూ?"

కోతులు కిచకిచమన్నాయి. జంబులింగం వాటికేసి చూసి నవ్వాడు. ఆయన మంచి ఉషారులో ఉన్నాడు. విగ్రహం వస్తోందన్న సంబరంలో పొద్దుటి నుంచీ పుచ్చకాయలు తిని, ఆ మూతిని తోకకే తుడుచుకుని వచ్చాడు.

"గత సమావేశ తీర్మానాలు ధ్రువీకరించాలి ఎవరికైనా సవరణలున్నాయా లేవు గనక," అని కొంగ ఎప్పటిలాగే ఒక్క గుక్కలో చదివేస్తోంది.

"ఉంది," అంది ఓబులమ్మ.

కొంగ రెండో కాలు కింద పెట్టింది. దాని ఉద్యోగంలో ఆ మాట వినడం అదే మొదలు. "ఉందంటున్నారండీ," అంది చైర్మన్‌తో.

"అలా అడగొచ్చా?"

"అడగొచ్చండీ. ధ్రువీకరణకి ముందు సవరణ అడిగితే ఓటుకి పెట్టాలి. ఇంతవరకూ ఎవరూ అడగలేదంతే."

"సరే, చెప్పు ఓబులమ్మా," అన్నాడు జంబులింగం, వెనక్కి వాలి.

"తొట్టి పగలగొట్టాలి అన్న చోట, పుచ్చతోటకి పోయే కాలువని ఇవాళే తిరిగి తొట్టికి మళ్ళించాలి అని మార్చాలి. అంతే."

మోతపేట తోకలన్నీ ఒక్కసారి లేచి ఊగాయి. ఈసారి ఈగలు ఊపించినవి కావు. కోతులు తమ తోకల్ని రెండు చేతులా బిగించి పట్టుకున్నాయి, ఒక్కటీ కదల్లేదు. విసనకర్ర కోతి కూడా సభ్యుడే గనక విసనకర్ర కింద పడేసి తన తోక పట్టుకుంది.

కొంగ మెడ చాచి అటూ ఇటూ లెక్క చూసింది. "ఇటెన్నో అటూ అన్నేనండీ. సమానం. చైర్మన్‌గారి తోక బట్టి తేలాలి."

"అయితే తేలిపోయినట్టే," అన్నాడు జంబులింగం. తోకని కుర్చీ వెనక కర్రలా చాపి ఉంచాడు.

షెడ్డులో ఈగలు తిరుగుతున్నాయి. గేదె మీద వాలాయి, బురద. ఎద్దుల మీద వాలాయి, బురద. గాడిదా అంతే, గుర్రమూ అంతే. ఇక మిగిలింది పుచ్చరసంతో జిగటగా ఉన్న తోక ఒక్కటే.

మొదటిది చివరన వాలింది. జంబులింగం పళ్ళు బిగించాడు. "విసురు," అన్నాడు గొంతు తగ్గించి. విసనకర్ర కోతి, "నా తోక వదిలేస్తే అటు ఓటయిపోతుందండీ," అంది. ఇంకో పది వాలాయి. తోక నల్లబడింది. ఓబులమ్మ నమలడం కూడా మానేసి చూస్తోంది. ఆవిడకి కనిపిస్తున్నది నక్క తోక కాదు, తొట్టికి ఆనుకున్న సోమన్న.

"త్వరగా రాసుకో కార్యదర్శీ, కదల్లేదు, వీగిపోయింది..."

అప్పుడు కుట్టింది. ఎక్కడ కుట్టిందో గానీ జంబులింగం కుర్చీలోంచి లేచాడు, తోక గాల్లో మూడు సున్నాలు చుట్టింది.

"కదిలింది," అంది కొంగ. "ఆమోదం."

"ఏం ఆమోదం? ఈగ తోలుకున్నాను."

"ఈగో దోమో సరదానో, కౌన్సిల్ అడగదు కదండీ," అంది ఓబులమ్మ నెమ్మదిగా. "కారణాలు రికార్డుకెక్కవు. తోక తోకే."

జంబులింగం కొంగ వంక చూశాడు. కొంగ ఎప్పటిలాగే ఒంటికాలి మీదికి వచ్చేసింది. "పోయినసారి మీరు చెప్పిన మాటేనండీ, నేను రాసుకున్నదే," అంది.

ఎద్దులు ఆ సాయంత్రమే వెళ్ళి తోటవైపు గండి పూడ్చి, తొట్టికి పోయే పాత కాలువలో మట్టి తీశాయి. నీళ్ళు ముందు కాస్త బురదగా, తర్వాత తేటగా తొట్టిలోకి వచ్చాయి. సోమన్న లేవలేకపోయాడు. వీరాసామీ గుర్రమూ చెరోపక్కా నిలబడి ఆయన్ని ఎత్తి మూతి నీళ్ళకి ఆనించారు. ఆయన చాలాసేపు తల ఎత్తలేదు. ఎత్తాక, "చల్లగా ఉన్నాయి తల్లీ," అన్నాడు.

ఓబులమ్మ సంతోషించిందా అంటే, సంతోషించే ఓపిక ఎక్కడుంది? ఆయన పక్కన చతికిలబడి కళ్ళు మూసుకుంది.

"అక్కా, వచ్చే సమావేశం అజెండా వచ్చింది," అన్నాడు వీరాసామి. "మొదటి అంశం, బురదతో వచ్చినవాళ్ళని సభలోకి రానివ్వకూడదట."

"ఓటెలా అట?"

"తోకలతోనే."

"అయితే గుంట ఆరిపోకుండా చూడరా," అని నిద్రపోయింది ఓబులమ్మ.

ఊరందరి తోకల మీదా రూలు రాసేవాడు, తనకీ ఒక తోక ఉందని మరిచిపోకూడదు.