మూడుసార్లు తేల్చే గంగమ్మ

ఏమిటీ, చీమని మింగితే ఈతొస్తుందా? ఎవరే నీకు చెప్పిందీ? నీ క్లాసు పిల్లా? బాగానే ఉంది సంబడం. రేపు ఈత నేర్పే మాస్టారి దగ్గరికి వెళ్ళేముందు ఈ కథ విను. ఇలా జరుగు. కాళ్ళాడించకు, దుప్పటి ఊడిపోతోంది.

అనగనగనగా ఒక కాలవ, ఆ కాలవ గట్టున ఒక ఊరు. ఆ కాలవకి తొందరంటే తెలీదు. మెల్లగా వచ్చేది, మెల్లగా పోయేది. దాని మీద గుర్రపుడెక్క ఊదారంగు పూలు పూసి, పెళ్ళికి బయల్దేరిన ఆడవాళ్ళలా గుంపులు గుంపులుగా కదిలేది. మధ్యాహ్నం పూట నీటి వెలుగు రేవు మెట్ల మీద ఆడుతుంటే చూసేవాళ్ళకి కళ్ళు మూతలు పడేవి. నీకూ పడుతున్నాయా? అప్పుడే వద్దు.

ఆ ఊళ్ళో నరసాయమ్మ అని ఒక మామ్మ. ఆవిడకి ఇద్దరు మనవరాళ్ళు. పెద్దది వీరవేణి, తొమ్మిదేళ్ళది. చిన్నది లోవ, దానికి నాలుగేళ్ళు. మామ్మకి ఈత రాదు, ఆవిడ అమ్మకీ రాదు, అమ్మమ్మకీ రాదు. కానీ నీళ్ళ గురించి చెప్పుకునే మాటలు మాత్రం ఆ ఇంట్లో మూడున్నాయి. మామ్మ వాటిని నగల్లా దాచి మనవరాళ్ళకి అప్పజెప్పింది.

నల్ల నీటిపురుగుని మింగితే ఈత వచ్చేస్తుందిట. అన్నం తిని నీళ్ళలో దిగితే తిన్న ముద్దలన్నీ రాళ్ళయి కిందకి లాగేస్తాయిట. ఇక మూడోది. నీళ్ళలో పడ్డవాళ్ళని గంగమ్మ తల్లి మూడుసార్లు పైకి తేల్చి చూపిస్తుందిట. మూడోసారే అందుకోవాలి. ముందే లాక్కుంటే తల్లికి కోపమొచ్చి ఇంకొకళ్ళని అడుగుతుందిట.

అప్పుడు వేణి ఏం చేసిందీ? ఒక నీటిపురుగుని పట్టి గుటుక్కున మింగింది. నడుం లోతులో దిగి కాళ్ళూ చేతులూ కొట్టుకుంది. ఈత రాలేదు. ముక్కులోకి నీళ్ళొచ్చాయి, సాయంత్రం దాకా తేన్పులొచ్చాయి. ఈత వచ్చింది పాపం ఆ పురుగుకే.

ఆ తర్వాత ఇంకోరోజు చద్దన్నంలో ఆవకాయ కలుపుకుని పొట్ట పగిలేలా తింది. తిని, నీళ్ళలో మెట్టు మీద చాలాసేపు కూచుంది. ముద్దలు రాళ్ళు కాలేదు. కాస్త కునుకు పట్టింది, అంతే.

మరి మూడోమాట? అది పరీక్ష చేసి చూసేది కాదు కదమ్మా. అందుకని ఆ మాట నిజమో అబద్ధమో తేలకుండా వేణి మనసులో ఉండిపోయింది.

ఒక మధ్యాహ్నం మామ్మ రేవులో చీర ఉతుకుతోంది. వేణి జాడిస్తోంది. లోవ ఊదాపువ్వు కోసం చెయ్యి చాపి, పాచి మెట్టు మీద జారింది. అరవలేదు. నీళ్ళలో పడ్డవాళ్ళు అరవరు తల్లీ, అరవడానికి ఊపిరుండాలిగా. చిన్న చప్పుడైంది, అంతే. వేణి తల తిప్పేసరికి చెల్లెలి జుట్టు ఒక్కసారి పైకి తేలి మళ్ళీ కిందకి పోయింది.

"ఒకటి!" అంది మామ్మ. వేణి కదలబోతే రెక్క పట్టుకు ఆపేసింది. "ఆగవే! తల్లి ఇంకా రెండుసార్లు చూపిస్తుంది."

నీళ్ళు మూసుకున్నాయి. పూలు తమ దారిన తాము పోతున్నాయి. పురుగు మాట అబద్ధం. అన్నం మాట అబద్ధం. మరి ఈ మాట?

అప్పుడు వేణి చెయ్యి విదిలించుకుంది. తడిచీర ఒక కొస నడుముకి చుట్టి రెండు ముళ్ళేసింది. రెండో కొస మామ్మ చేతిలో పెట్టింది. "పట్టుకో మామ్మా! వదిలితే ఇద్దరం పోతాం!" అని అరిచింది. మామ్మ నోట్లో లెక్క ఆగిపోయింది. మెట్టుకి కాళ్ళు తన్నిపెట్టి, ముసలి చేతులతో చీర బిగించింది. వేణి గుండెల దాకా దిగి నీళ్ళలో వెతికింది. చేతికి నాచు తగిలింది. ఆ తర్వాత మళ్ళీ నాచే తగిలింది. మూడోసారి చెల్లెలి జడ దొరికింది.

లోవ నీళ్ళు కక్కింది, దగ్గింది, ఆ తర్వాత రేవంతా మోగేలా ఏడ్చింది. ఆ ఏడుపు విని వేణికీ ఏడుపొచ్చింది.

మామ్మ మాత్రం ఏడవలేదు. కాలవకేసి చూస్తూ, "నాకో చెల్లెలుండేదే, మాణిక్యమని" అంది. "ఈ రేవులోనే పడింది. మా పెద్దవాళ్ళంతా నిలబడి లెక్కపెట్టారు. ఒకటన్నారు, రెండన్నారు. మూడు రాలేదు. నేనే కన్నార్పానేమో, మూడోసారి తేలినప్పుడు నేనే చూళ్ళేదేమోనని ఇన్నేళ్ళూ కుమిలిపోయానే."

వేణి మామ్మ తడిచేతులు పట్టుకుంది. "నువ్వు కన్నార్పలేదు మామ్మా. మూడోసారి అసలు లేదు."

అప్పుడేడ్చింది మామ్మ. యాభై ఏళ్ళ ఏడుపు, పొద్దువాలేదాకా ఏడ్చింది.

ఆ తర్వాత ఆ ఇంట్లో పాతమాటలు మూడూ పోయి ఒక్కటే మిగిలింది. ఎవరైనా నీళ్ళలో పడితే తల కనబడ్డ మొదటిసారే ఆఖరిసారనుకో, కేకేసి పదిమందినీ పిలు, చీరో తాడో కర్రో అందించు. విన్నావా?

ఇంకా ఉంది, పడుకోకు. చేపలు పట్టే పోలమ్మ వచ్చి ముగ్గురి నడుములకీ ఎండు సొరబుర్రలు కట్టి ఈత నేర్పింది. అవును, మామ్మకి కూడా! అరవై దాటిన మనిషి గోచీ బిగించి దిగితే ఊరంతా గట్టు మీదకి వచ్చి నవ్వింది. మామ్మ మునిగింది, తేలింది, మునిగింది, తేలింది. వెల్లకిలా పడుకుని ఆకాశం చూస్తూ పూలతో పాటు కదిలింది.

"ఎన్నిసార్లు మునిగావే మామ్మా?" అని గట్టు మీంచి అడిగింది వేణి.

"ఏమోనే, ఎవరు లెక్కపెట్టారూ!" అంది మామ్మ.

కథ పడవెక్కి కంచికి,
కునుకు దిగింది కంటికి,
కలలన్నీ నీ మంచానికి,
నే పోతా నా పక్కకి.