ఏడు సముద్రాల అవతలి పరిమళం

అనగనగా కస్తూరిపురానికో రాజు. ఆయనకు ముగ్గురు కొడుకులు. అల్లరి మాని ఊఁ కొట్టండర్రా, లేకపోతే కథ ఇక్కడే ఆపేస్తా!

ఒకనాడు ఎక్కడిదో కమ్మని పరిమళం గాలిలో వచ్చి కొలువంతా నిండిపోయింది. ఏ చెట్టుదో ఎవరికీ తెలియలేదు. తెలుసుకొస్తానని పెద్దవాడు వెళ్లాడు, తిరిగి రాలేదు. రెండోవాడు వెళ్లాడు, అతడూ రాలేదు. చిన్నవాడు జయంతుడికి అన్నల మీద బెంగ, ఆ వాసన సంగతేమిటో చూడాలని తెగ కుతూహలం. ఏడు సముద్రాలు దాటాడు. దారిలో నీళ్లలో కొట్టుకుపోతున్న చీమను ఆకుతో తీసి గట్టున పెడితే, "నేనూ నీ వెంటే వస్తా" అంటూ తలపాగా ఎక్కి కూర్చుంది.

ఏడో సముద్రం ఒడ్డున గుబురుగా ఒక చెట్టు. దాని కింద మనుషుల్లాంటి రెండు రాళ్లు. అయ్యో, అన్నలే! పక్కనే చిలక పంజరంతో కరాళుడనే మాంత్రికుడు. వాడు రాలిన ఆకొకటి, పువ్వొకటి జయంతుడి చేతిలో పెట్టాడు.

"ఇవి ఏ చెట్టువో చెప్పు. చెబితే నా ప్రాణమున్న ఈ చిలక నీది. తప్పితే నువ్వూ రాయే! మీ పెద్దన్న ఆకు చూసి నేరేడన్నాడు. నేరేడు ఇలాంటి పువ్వు పూస్తుందిటోయ్? చిన్నన్న పువ్వు చూసి మాధవీలతన్నాడు. తీగకు ఇంత మానుంటుందా?"

జయంతుడు తొందరపడి నోరు జారలేదు. ఆకు నలిపి చూశాడు, నేరేడు వాసనే. పువ్వుకు నాలుగు రేకులు తెలుపు, ఒకటి పసుపు, అంచులకు కుచ్చులు. మాధవీలతే! ఇద్దరూ సరిగ్గానే చూశారే, మరి తప్పెక్కడ?

"చీమా, కొమ్మ మీది పువ్వు దగ్గర మొదలుపెట్టి, ఎక్కడా దూకకుండా కాడ వెంబడే నేల దాకా దిగిరా తల్లీ" అన్నాడు.

చీమ ఎక్కింది, దిగింది. మానుకు జానెడు దూరంలో నేల తాకింది! "మాను మీద కాలే పెట్టలేదయ్యా" అంది.

"ఓయ్ మాంత్రికుడా, ఇవి ఒక్క చెట్టువి కావు! ఆకు నేరేడుది. పువ్వు దాన్ని అల్లుకున్న మాధవీలతది."

కరాళుడి మొహం మాడిపోయింది. చిలక చేతికి రాగానే జయంతుడు దాని మెడ పట్టుకుని, "నీ మంత్రాలు వెనక్కి తీస్తావా, లేదా?" అన్నాడు. వాడు చచ్చినట్టు తీశాడు. అన్నలు లేచి తమ్ముణ్ణి కావలించుకున్నారు. తీగ కూడా కదిలింది! అందులోంచి కాంతిమతి అనే రాకుమారి దిగింది.

"ఈ పాపిష్ఠివాడు నన్ను తీగను చేశాడు. ఎవరైనా వస్తారని గాలితో వాసన పంపాను. వచ్చినవాళ్లంతా ఆకో పువ్వో చూశారు. నా వేరెక్కడుందో చూసింది నువ్వొక్కడివే" అని ఏడ్చేసింది.

చిలకను చంపలేదర్రా, పంజరంతో ఇంటికి తెచ్చి పళ్లు పెట్టి పెంచారు. ఇక కరాళుడు కిక్కురుమంటే ఒట్టు!

ముగ్గురు కొడుకుల్నీ చూసి రాజు కళ్లనీళ్లు తుడుచుకుని, "ఇంతకీ ఆ వాసన ఏ చెట్టుదిరా?" అన్నాడు.

"చెట్టుది కాదు నాన్నగారూ, మీ కోడలిది!" అన్నాడు జయంతుడు కాంతిమతిని చూపిస్తూ.

ఐదురోజుల పెళ్లి చేశారు. ఆ ఇద్దరూ ముసలివాళ్లయ్యేదాకా చల్లగా రాజ్యమేలారు. చీమ మాత్రం ఆ తలపాగాలోనే కాపురం పెట్టేసింది.