ముప్పై తాళంచెవుల ఇల్లు

"అబ్బే, ఇలా ఎక్కడైనా జరుగుతుందా?" అనే పెద్దమనుషులు ఎవరైనా ఉంటే ఇప్పుడే చెయ్యెత్తండి. ఎత్తిన చెయ్యి కథ అయ్యేదాకా దించకూడదు. ఆ చేతితో పని ఉంది, చెబుతా. ఎవరూ లేరా? సరే, మధ్యలో ఎవరైనా ఎత్తితే వాళ్ళ వంక ఓ కన్నేసి ఉంచండి.

గోనెలపాలెంలో నిండుబుర్రవారి ఇల్లని ఒకటుంది. చుట్టుపక్కల పద్నాలుగు ఊళ్ళ తెలివినీ కాటాలో వేసి తూస్తే అందులో పదమూడు పాళ్ళు తమ ఇంట్లోనే ఉందనీ, మిగిలిన ఒక్క పాలూ తమ గేదె మేసేసిందనీ ఆ ఇంటివాళ్ళ నమ్మకం. ఇంట్లో ఉండేది ముగ్గురు. గవరమ్మ, కొడుకు పోలయ్య, కోడలు నూకరత్నం.

పోలయ్య హక్కుల మనిషి. గేదె గడ్డి ముట్టకపోతే "ముట్టకపోవడం దాని హక్కు" అని తట్ట ఎత్తేసేవాడు. నూకరత్నం సైన్సు మనిషి. పదో తరగతి సైన్సు పరీక్ష నాలుగుసార్లు రాసింది. ఒక్కసారి రాసి గట్టెక్కినవాళ్ళకి తనకున్నంత అనుభవం ఎక్కడుంటుందని ఆవిడ ధీమా. పొద్దున్న లేస్తే మొగుడూ పెళ్ళాలకి హక్కులు గొప్పా సైన్సు గొప్పా అని ఒకటే తగువు. ఆ కేకలకి పొరుగూరి కోళ్ళు కూడా తెల్లారిందనుకుని లేచేవి.

గవరమ్మకి ఈ గొడవ పట్టదు. ఆవిడకున్నవి రెండే గర్వాలు. ఒకటి పిడకలు. గవరమ్మ పేడముద్ద విసిరి గోడకి చరిస్తే ఐదు వేళ్ళూ, అరచేతి గీతలతో సహా, అచ్చు గుద్దినట్టు పడేవి. దూరం నుంచి చూస్తే గోడంతా పద్మాలు పూసినట్టుండేది. రెండోది రేషన్ కార్డు. అందులో కుటుంబ పెద్ద అని ఆవిడ పేరే ఉంది, ఆవిడ ఫోటోయే ఉంది. రోజూ అన్నం వడ్డించే ముందు "ఒరే, ఈ ఇంటికి పెద్దెవర్రా?" అని అడిగేది. "నువ్వేనే అమ్మా" అని కొడుకు, "మీరే అత్తా" అని కోడలు అంటే తప్ప గరిటె కదిలేది కాదు.

ఓ ఆదివారం పంచాయతీ ఆఫీసు దగ్గర మీటింగు పెట్టారు. పట్నం నుంచి ఒక లాయరమ్మ వచ్చింది. "అమ్మా, వేలిముద్ర అంటే మీ ఇంటి తాళంచెవి లాంటిది. ఎవరు పడితే వాళ్ళకి ఇవ్వకండి. ఎక్కడ పడితే అక్కడ పెట్టకండి. ఎవరైనా అడిగితే ఎందుకని అడగండి. అది మీ హక్కు" అంది. మంచిమాటే చెప్పింది, పాపం. ఆవిడ కూర్చోగానే రేషన్ డీలరు గున్నేశ్వర్రావు లేచాడు. "కార్డులో పేరున్న ఇంటిపెద్ద వచ్చే శనివారం సాయంత్రం ఐదింటిలోగా మా కొట్లో మిషను మీద ముద్ర వెయ్యాలి. వెయ్యకపోతే కార్డులోంచి పేరు ఎగిరిపోద్ది" అన్నాడు.

గవరమ్మ లెక్క వేసుకుంది. ముద్ర వేస్తే తాళంచెవి పోతుంది. వెయ్యకపోతే పెద్దరికం పోతుంది.

ఇంటికొచ్చి ముగ్గురూ అరుగు మీద కూర్చున్నారు. పోలయ్య తన వేళ్ళు లెక్కపెట్టాడు, పెళ్ళాం వేళ్ళు లెక్కపెట్టాడు, తల్లివీ లెక్కపెట్టాడు.

"అమ్మా! మనింట్లో ముప్పై తాళంచెవులున్నాయే! ముప్పై ఏళ్ళుగా బయటే వేలాడేసుకుని తిరుగుతున్నాం!"

"ఒరే, ఇంటికున్న తలుపు ఒక్కటే కదరా?"

"అందుకే మరింత ప్రమాదం. ఒక్క తలుపుని ముప్పై రకాలుగా తియ్యొచ్చు."

అంతే. పోలయ్యకి పొద్దున్న టీకొట్లో గ్లాసు పట్టుకున్న సంగతి గుర్తొచ్చింది. ఒక్క పరుగున వెళ్ళి, ఎవడో తాగుతున్న గ్లాసు లాక్కుని వచ్చేశాడు. గ్లాసు తెచ్చాక, బెంచీ మీద చెయ్యి ఆనించిన సంగతి గుర్తొచ్చింది. మళ్ళీ వెళ్ళి బెంచీ ఈడ్చుకొచ్చేశాడు. దాని మీద రిటైరైన పోస్ట్‌మాన్ జోగారావు గారు పేపరు చదువుకుంటున్నారు. ఇంటి గుమ్మం ముందు ఆగేదాకా ఆయనకి తెలీలేదు. పేపరు దించి చూసి, "ఇదేం ఊరయ్యా?" అన్నారు.

"సైన్సు ప్రకారం చింతపండూ ఉప్పూ బూడిదా కలిపి తోమితే ఏ ముద్రయినా పోద్ది" అంది నూకరత్నం. ఇంకేముంది! గ్లాసు తోమారు, బెంచీ తోమారు, తలుపు గడియ తోమారు, పోస్ట్‌మాన్ గారి భుజం తోమారు. ఇంట్లో బిందె తోమితే ఆ మెరుపుకి ఆకాశంలో విమానం దారి తప్పిందని అంటారు. చివరికి నూకరత్నం మొగుడి మొహం వంక చూసి కెవ్వుమంది.

"మావా! మొన్న నీ చెంప మీద దోమని కొట్టానా? నా ఐదు తాళంచెవులూ నీ మొహాన వేసుకుని ఊరంతా తిరిగావయ్యా!"

కొబ్బరి పీచుతో ఆ చెంప తోమింది. పోలయ్యకి రెండు రోజులు ఒక పక్కే నవ్వు వచ్చింది.

"తోమడం సరే, మళ్ళీ దేన్నీ ముట్టుకోకుండా ఎలాగే?" అంది గవరమ్మ. తర్వాత తనే, "తాళంచెవులు ఎక్కడ దాచుకుంటాం? బొడ్లో దోపుకుంటాం" అని రెండు చేతులూ నడుం దగ్గర చీర కుచ్చెళ్ళలో దోపేసుకుంది. కోడలూ అలాగే దోపుకుంది. పోలయ్య లుంగీలో దోపుకున్నాడు. తప్పనిసరై చెయ్యి బయటికి తీస్తే, ముట్టుకున్నదాన్నీ ముట్టుకున్న వేళ్ళనీ తోమి మళ్ళీ దోపుకోవాలని ఒప్పందం. ఆ పూట ముగ్గురూ వంగి కంచంలో మూతులు పెట్టి తిన్నారు. గేదె వాళ్ళని చూసి, కుడితి తాగడం ఆపి, కాస్త జరిగి చోటిచ్చింది.

మర్నాడు పొద్దున్న చేతులు దోపుకునే గవరమ్మ వీధిలోకొచ్చింది. వచ్చి, తన గోడ చూసుకుని, నిలబడ్డ చోటే కూలబడిపోయింది.

"ఒరే పోలిగా! ఏమే రత్నం! కొంప మునిగిందర్రా!"

వీధి వైపు గోడ నిండా పిడకలు. ఒక్కో పిడక మీద ఐదు వేళ్ళు, అరచెయ్యి. ఎండకి ఎండి, గట్టిపడి, కలకాలం చెరగకుండా ఉన్నాయి.

"బజార్లో తాళంచెవులు ఆరేశావు కదే అమ్మా!" అని పోలయ్య నెత్తి కొట్టుకోబోయాడు. చేతులు లుంగీలో ఉండటం వల్ల వెళ్ళి గోడకి నెత్తి కొట్టుకున్నాడు.

"ఆరేస్తే ఆరేశాను, పదేళ్ళుగా ఊరందరికీ డజన్లు డజన్లు ఇచ్చానురా!"

అంతే, ముగ్గురూ ఊరి మీద పడ్డారు. కనిపించిన ప్రతి దొడ్లోకీ దూరి పిడకలు వెనక్కి లాగేశారు. టీకొట్టువాడి పొయ్యిలో మండుతున్న పిడక మీద నీళ్ళు కుమ్మరించారు.

"గ్లాసు పట్టుకుపోయారు, బెంచీ పట్టుకుపోయారు, ఇప్పుడు నిప్పు కూడానా?" అన్నాడు వాడు.

"నీ పొయ్యిలో మా అత్త చెయ్యి ఉంది!" అంది నూకరత్నం. అది విని అక్కడ టీ తాగుతున్న నలుగురూ పారిపోయారు. వాళ్ళల్లో ఇద్దరు ఇంకా ఊరికి తిరిగి రాలేదు.

సాయంత్రానికి పెరట్లో పిడకల కొండ లేచింది. ఆ కొండ ఎక్కితే సముద్రం కనిపించేది. ఇక కొత్త పిడకల మాటేమిటి? గవరమ్మ బుర్రకి తట్టింది. "కాలిముద్ర అడిగే మిషను ఎక్కడా లేదు కదర్రా!" స్టూలు మీద కూర్చుని, పాదానికి పేడ పెట్టుకుని, గోడని ఫెడీమని తన్నింది. పిడక గోడకి అంటుకుంది, గవరమ్మ వెనక్కి వెళ్ళి గడ్డివాములో అంటుకుంది. మొత్తం ఇరవై రెండు పిడకలు తన్నింది, ఇరవై రెండుసార్లు గడ్డివాములోకెళ్ళింది. చివరి తన్నుకి గోడే పక్కింట్లోకి వెళ్ళి కూర్చుంది.

ఇలా రోజులు గడిచి శనివారం వచ్చింది. గవరమ్మకి అన్నం సయించలేదు. కార్డు తీసి, అందులో తన ఫోటో చూసుకుని, ముక్కు చీదింది. "ఐదు దాటితే ఇంటికి పెద్దెవర్రా?" అని అడిగింది. ఆ పూట గరిటె కదల్లేదు.

"హక్కు వదులుకోకూడదు" అన్నాడు పోలయ్య, కాస్త నెమ్మదిగా.

"కార్డు కూడా వదులుకోకూడదు" అంది నూకరత్నం. గోళ్ళు కొరుక్కుందామంటే చెయ్యి దోపుకుని ఉందాయె. పెరట్లోకి చూసింది. పిడకల కొండ చూసింది. ఎగిరి గంతేసింది. "అత్తా! మిషను అడిగింది ముద్ర. వేలు కాదు! ముద్ర పట్టుకెళ్ళి ఇద్దాం, వేలు ఇంట్లో... కాదు, బొడ్లోనే ఉంచుదాం!"

ముగ్గురూ ఒకరి తెలివికి ఒకరు మురిసిపోయి, ఆ కొండలోంచి మేలైన పిడక ఏరారు. బొటనవేలి గీతలు అద్దంలో ముక్కులా కనిపిస్తున్నాయి. గేదె ముత్యాల్ని కూడా వెంట తోలుకెళ్ళారు. ఎందుకంటే పాలు పితికిన ముద్రలు దాని పొదుగు మీద ఉన్నాయి, ఇంట్లో ఒంటరిగా వదిలితే ఎవడైనా ఎత్తుకుపోతాడు.

నాలుగున్నరకి గున్నేశ్వర్రావు కొట్టు చేరారు.

"రా మామ్మా, నీ ఒక్కదాందే మిగిలింది. వేలు పెట్టు."

"ఎందుకు?" అన్నాడు పోలయ్య గట్టిగా. అడగడం హక్కు కదా.

"నీ తల్లి పేరు ఉంచడానికిరా నాయనా!"

"ఆఁ, అయితే సరే."

గవరమ్మ పిడక ఎత్తి, మిషను అద్దం మీద ఒక్క చరుపు చరిచింది. పదేళ్ళ అలవాటు మరి. పిడక ముక్కలైంది. పొడి సందుల్లోకి దిగింది. మిషను లోపలినుంచి ఒక ఆడగొంతు, "దయచేసి వేలు సరిగ్గా పెట్టండి" అంది.

"చూశారా, నా వేలేనని పోల్చుకుంది!" అంది గవరమ్మ మురిసిపోతూ.

గున్నేశ్వర్రావుకి ఏడవాలో నవ్వాలో తెలీలేదు. చొక్కా అంచుతో మిషను తుడిచాడు. "మామ్మా! నీ కాళ్ళకి దణ్ణం పెడతాను. టైము పావుతక్కువ ఐదు. నీ పేరు పోద్ది. సొంత వేలు పెట్టు!"

కార్డులో ఫోటో గుర్తొచ్చింది గవరమ్మకి. పోతే తాళంచెవే పోతుంది, పెద్దరికం దక్కుతుంది అనుకుంది. కళ్ళనీళ్ళతో బొడ్లోంచి బొటనవేలు తీసి మిషను మీద పెట్టింది. మిషను ఒప్పుకోలేదు. చూపుడువేలు పెట్టింది. ఒప్పుకోలేదు. పది వేళ్ళూ పెట్టింది. ఆరు రోజులు చింతపండూ ఉప్పూ బూడిదా వేసి తోమిన వేళ్ళు కదా, గీత అన్నది మిగిలితేనా? గోలీకాయల్లా నున్నగా ఉన్నాయి.

"నా సైన్సు పనిచేసింది!" అని నూకరత్నం చప్పట్లు కొట్టింది. అత్త మొహం చూసి ఆపేసింది.

గవరమ్మ కార్డు గుండెకి హత్తుకుని బియ్యం బస్తా మీద కూలబడింది. గడియారం ఐదుకి నాలుగు నిమిషాలు చూపిస్తోంది. అప్పుడు గున్నేశ్వర్రావు బల్ల అడుగునుంచి ఇంకో మిషను తీశాడు. "ఏడవకు మామ్మా. వేలు కుదరనివాళ్ళకి ఇది. కళ్ళు ఇంతింత చేసి ఇందులోకి చూడు."

గవరమ్మ చూసింది. ఎంత పెద్దగా చూసిందంటే, కొట్టు మీది కాకి తననే చూస్తోందనుకుని ఎగిరిపోయింది. టింగుమంది మిషను. పేరు నిలబడింది! కార్డు దక్కింది! గవరమ్మ ఆనందం పట్టలేక గేదె మూతి మీద ముద్దు పెట్టింది.

అక్కడితో ఊరుకుంటే ఎంత బావుండేది! గున్నేశ్వర్రావు బియ్యం మూట పోలయ్య నెత్తికెత్తుతూ, సరదాకి ఒక్క మాట అన్నాడు. "ఇంకేం మామ్మా, ఇకనుంచి నీ కన్నే నీ తాళంచెవి!"

ఇంకేముంది!

గవరమ్మ టక్కున కళ్ళు మూసేసింది. "ఒరే పోలిగా, ఏమే రత్నం, కళ్ళు మూసెయ్యండర్రా! వీధిలో ఎంతమంది చూస్తున్నారో!" ముగ్గురూ గట్టిగా మూసేశారు.

"ఇంటికి దారెలాగత్తా?"

"ముత్యాలు వెయ్యిసార్లు నడిచిన దారే. దాని తోక పట్టుకోండి."

గవరమ్మ తోక పట్టుకుంది. ఆవిడ కొంగు కోడలు పట్టుకుంది. కోడలి జడ పోలయ్య పట్టుకున్నాడు. ముత్యాలు కదిలింది. ఇంటికే వెళ్ళేది, కాదనను. కానీ సాయంత్రం ఐదింటికి అది రోజూ వెళ్ళేది ఇంటికి కాదు, ఊరవతల ఇటుకబట్టీవాళ్ళు మట్టి తవ్విన గుంటలో పడుకోవడానికి. నేరుగా వెళ్ళి అందులో దిగింది. వీళ్ళూ దిగారు. మోకాలు, నడుం, పీకల దాకా.

"ఇల్లొచ్చేసింది. కాస్త చల్లగా ఉందేమిటర్రా?" అంది గవరమ్మ.

"అమ్మా, ఇంట్లో నీళ్ళే!" అని అరిచాడు పోలయ్య. నెత్తిమీంచి జారిన మూట తడిసి బియ్యం నానుతోంది. "ఎవరికో మన పిడక దొరికింది! తలుపు తీసి ఇల్లంతా నీళ్ళతో నింపేశారు!"

"దొంగ ఇంకా ఇంట్లోనే ఉన్నాడత్తా! నా కాలికి తగిలాడు. నల్లగా, నున్నగా ఉన్నాడు!"

"కళ్ళు మూసుకుని నల్లగా ఉన్నాడని ఎలా తెలిసిందే?"

"సైన్సత్తా!"

"అయితే కళ్ళు తెరవకండి! వీడు అందుకే కాచుక్కూచున్నాడు!" అని గవరమ్మ కార్డుని నీళ్ళ పైకెత్తి పట్టుకుని, గర్వంగా అడిగింది. "ఒరే, దొంగవెధవా! ఈ ఇంటికి పెద్దెవరో తెలుసా?"

"నువ్వేనే అమ్మా!" "మీరే అత్తా!" అని పీకల్లోతు నీళ్ళలోంచి రెండు గొంతులు పలికాయి.

ఆ రాత్రి వాళ్ళు అక్కడే, ఇంట్లోనే ఉన్నామనుకుని, నిద్రపోయారు కూడా.

ఎత్తిన చేతులుంటే ఇక దించి, శుభ్రంగా తోముకోండి. ఇంకా అనుమానమా? గుంట గట్టు మీద ఊరు ఊరంతా వచ్చి నిలబడిందిగానీ, నవ్వీ నవ్వీ ఒక్కరి కన్నూ తెరిచి లేదు. నీళ్ళలో ఉన్న ముగ్గురివీ ఎలాగూ మూసే ఉన్నాయి. ఆ పూట గోనెలపాలెంలో కళ్ళు తెరుచుకుని మొత్తం చూసింది ఒక్కతే. వెళ్ళి అడగండి. నల్లగా ఉంటుంది, ఎడమ కొమ్ము కాస్త వంకర. పేరు ముత్యాలు.