యాకూబ్ దూకుడు

యాకూబ్‌ను బడి నుంచి పంపేయాల్సిందేనని జిలానీ నిర్ణయించుకున్నాడు.

జిలానీ పన్నెండేళ్లుగా సత్తార్ బాబా శిష్యుడు. దర్గాను ఆనుకుని ఉన్న బడిలో పిల్లల మంచిచెడ్డలన్నీ అతనే చూసుకుంటాడు. యాకూబ్‌కు పదిహేనేళ్లు. నిరుడు దాకా పిలిస్తే తప్ప పలికేవాడు కాదు. ఇప్పుడేమో కొండ మీద రెండు బండల మధ్య సందును ఈ అంచు నుంచి ఆ అంచుకు దూకుతున్నాడు. కింద తాటిచెట్టంత లోతు.

"వీడికి ఎవరో ఏదో అలవాటు చేశారు బాబా," అన్నాడు జిలానీ. "నోరు వాసన చూశాను. పెట్టె వెతికాను. దిండు కూడా విప్పి చూశాను."

"ఏం దొరికింది?"

"ఏమీ దొరకలేదు. అంత జాగ్రత్తగా దాస్తున్నాడు."

బాబా నవ్వలేదు. మర్నాడు పొద్దున్నే యాకూబ్‌ను పిలిచి, అవతలి బండ పక్కన సీతాఫలాలు పండాయట, కోసుకురమ్మని పంపాడు. జిలానీని తీసుకుని తను ముందే వెళ్లి ఒక పొద చాటున కూర్చున్నాడు.

యాకూబ్ ఒంటరిగా అంచు దాకా వచ్చాడు. కిందికి తొంగి చూశాడు. రెండడుగులు వెనక్కి వేసి, చుట్టుదారిన నడుచుకుంటూ వెళ్లాడు.

"మనం ఇక్కడున్నట్టు కనిపెట్టేశాడు," గుసగుసగా అన్నాడు జిలానీ.

సాయంత్రం బాబా జిలానీని మళ్లీ అక్కడికే తీసుకెళ్లాడు. ఈసారి యాకూబ్ వెంట ముగ్గురు స్నేహితులున్నారు. వాళ్లెవరూ దూకమనలేదు. పందెం కాయలేదు. ఊరికే కూర్చుని చూస్తున్నారు, అంతే.

యాకూబ్ పరుగెత్తుకొచ్చి దూకాడు. అవతలి అంచున కాలు జారింది. మోచేతుల మీద వేలాడి, ఎలాగో పైకి పాకి, పగలబడి నవ్వాడు.

జిలానీ బాబా వైపు తిరిగాడు.

"పొద్దున భయపడ్డాడు కదా బాబా. ఆ భయం ఏమైంది?"

"ఎక్కడికీ పోలేదు."

"మరెందుకు దూకాడు? వాళ్లు ఏదో సైగ చేసే ఉంటారు."

"గుర్రం వచ్చేసింది," అన్నాడు బాబా. "కళ్లెం ఇంకా దారిలో ఉంది."

ఆ శుక్రవారం వాగు అవతలి ఊళ్లో పెళ్లి విందుకు బడిలోని ఏడుగురు చిన్నపిల్లలను రమ్మన్నారు. వాగులో మోకాలి లోతు నీళ్లు. ఎప్పుడూ ముందు నడిచేది జిలానీయే. ఆ రోజు బాబా చేతికర్రను యాకూబ్‌కు ఇచ్చాడు.

"పిల్లలను నువ్వు దాటించు. జిలానీ చివర వస్తాడు."

జిలానీ బాబాను పక్కకు తీసుకెళ్లాడు. "వాడి చేతికా, పసిపిల్లలను? ఏదైనా జరిగితే?"

"వెనక నువ్వున్నావుగా," అని బాబా ఒడ్డున కూర్చున్నాడు.

నీళ్లలో దిగినప్పటి నుంచి జిలానీ చూపు యాకూబ్ కాళ్ల మీదే ఉంది. సగం దూరం వెళ్లేసరికి ఒడ్డున స్నేహితులు ముగ్గురూ ప్రత్యక్షమయ్యారు. ఒకడు ఈల వేశాడు. ఎదురుగా ఒక నల్లరాయి, దూకితే అందేటంత దూరంలో ఉంది. యాకూబ్ తల తిప్పి వాళ్లను చూశాడు. తర్వాత రాయిని చూశాడు.

అయిపోయింది, అనుకున్నాడు జిలానీ. ముందున్న పిల్లవాడి రెక్క గట్టిగా పట్టుకున్నాడు.

యాకూబ్ చొక్కా అంచు పట్టుకుని ఆరేళ్ల షబానా నిలబడి ఉంది. అతను కర్రను రాయికి ఇవతల నీళ్లలోకి దించాడు. సగానికి పైగా మునిగింది.

"ఇక్కడ గుంట ఉంది. వెనక్కి పదండి."

ఒడ్డున ముగ్గురూ గొల్లున నవ్వారు. యాకూబ్ చెవులు ఎర్రబడ్డాయి. అయినా పిల్లలను ఎగువకు, వాగు వెడల్పుగా పారే చోటికి మళ్లించి, అడుగడుగునా కర్రతో తడిమి చూస్తూ దాటించసాగాడు.

అతని కాళ్లనే చూస్తూ నడుస్తున్న జిలానీ తన కాలి కింది పాచిని చూసుకోలేదు. దబ్బున నీళ్లలో పడ్డాడు.

యాకూబ్ పిల్లలను ఒడ్డెక్కించి, ఒక్క గెంతులో వచ్చి కర్ర అందించాడు. జిలానీ అది పట్టుకుని లేచాడు.

ఒడ్డున యాకూబ్ ఒక్కొక్కరి తల తాకుతూ లెక్కపెట్టాడు. ఏడు. ఆపైన, ఒళ్లంతా నీళ్లు కారుతున్న జిలానీ వైపు చూశాడు.

"ఎనిమిది," అన్నాడు.

జిలానీ వెళ్లి వరసలో చివర నిలబడ్డాడు.