పంటినొప్పికి అర్జీలు

గుట్టలూ వాగులూ నిండిన ఒకానొక రాజ్యాన్ని ప్రౌఢమల్లుడనే రాజు ఏలేవాడు. ఆయన రాజధానిలో పెద్ద వైద్య విద్యాలయం ఉండేది. అందులో చేరడానికి ఏటా వందల మంది వచ్చేవారు. పూర్వం ఆచార్యులు ఒక్కొక్కరితో మాట్లాడి చేర్చుకునేవారు. దానికి నెలలు పట్టేది. పైగా తెలిసినవాళ్ల పిల్లలకే చోటు దొరుకుతోందని జనం గొణుక్కునేవారు.

రాజు ఆలోచించి కొత్త పద్ధతి పెట్టాడు. ఇకమీదట అందరూ ఒకే రకం అర్జీ రాయాలి. గురువెవరు, ఎన్నేళ్లు చదివారు, ఏయే గ్రంథాలు కంఠస్థం, గురువిచ్చిన యోగ్యతాపత్రం ఏది. జవాబులను బట్టి ఆచార్యులు వరస కడతారు. మనిషి మొహం చూడరు.

"ఇంత న్యాయమైన పద్ధతి ఇంకే రాజ్యంలోనైనా ఉందా?" అని రాజు సభలో తరచూ అడిగేవాడు. లేదనే అందరూ అనేవారు.

ఆ ఏడు కోనప్ప అనే యువకుడి అర్జీ తిరిగొచ్చింది. వాళ్ల ఊళ్లో విషజ్వరాలు ప్రబలి గురువు పోయాడు. అందుకని యోగ్యతాపత్రం లేదు, చదువులోనూ ఒక ఏడాది తక్కువైంది. ఆస్థానంలో చతురుడని పేరున్న తిప్పన ఈ సంగతి తెలిసి రాజుకు విన్నవించాడు.

"ఒక్కడి కోసం పద్ధతి మారుస్తామా? అర్జీలో లేనిది నాకు అనవసరం" అన్నాడు రాజు.

తిప్పన నమస్కరించి వెళ్లిపోయాడు.

కొన్నాళ్లకు రాజుకు పంటినొప్పి పట్టుకుంది. బుగ్గ పొంగి, అన్నం ముద్ద నోట పెట్టలేకపోయాడు. ఆస్థాన వైద్యుడేమో యాత్రలకు వెళ్లాడు. పన్ను పీకేవాణ్ణి వెంటనే తీసుకురమ్మని రాజు తిప్పనను పంపాడు.

తిప్పన మూడు తాటాకులు పట్టుకుని తిరిగొచ్చాడు.

"మనిషేడీ?" అన్నాడు రాజు.

"ముగ్గురు దొరికారు ప్రభూ. తమ పద్ధతిలోనే అర్జీలు రాయించాను. మొహాలు చూస్తే పక్షపాతమవుతుందని వాళ్లను బయటే ఉంచాను."

రాజు నొప్పి దిగమింగుకుని మూడూ చదివి, అన్నిటికన్నా ఘనంగా ఉన్నదాన్ని ఎంచాడు. పట్టుబట్టల్లో ఒకాయన లోపలికొచ్చి, దంతరోగాల మీద శ్లోకాలు శ్రావ్యంగా చదివి, పటకారు తీశాడు. దాన్ని ఎటు పట్టుకోవాలో తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు.

"ఇంతవరకు ఎన్ని పళ్లు పీకావు?" అని అడిగాడు రాజు.

"ఇదే మొదటిది ప్రభూ."

"ఆ ముక్క అర్జీలో రాయలేదేం?"

"అందులో ఆ ప్రశ్న లేదు ప్రభూ" అన్నాడాయన వినయంగా.

రాజు గభాలున నోరు మూసుకుని తిప్పన వంక చూశాడు. తిప్పన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"మిగతా ఇద్దరిలో అలవాటున్నవాణ్ణి పిలువు" అన్నాడు రాజు చివరికి. అర్జీ సగం ఖాళీగా వదిలేసిన ముసలాయన వచ్చి పన్ను పీకి వెళ్లాడు.

వాపు కాస్త తగ్గాక రాజు కోనప్పను సభకు పిలిపించాడు.

"జ్వరాల ఏడు ఏం చేశావు?"

"గురువుగారు పోయాక, నాకు తెలిసిన కషాయాలే కాచి ఇచ్చాను ప్రభూ. కొందరు బతికారు. బతకనివాళ్లు జబ్బుతోనే పోయారో, నా తెలియనితనం వల్ల పోయారో ఈనాటికీ తెలియదు. అది తెలుసుకుందామనే ఇక్కడికొచ్చాను."

రాజు తిప్పన వైపు తిరిగాడు.

"తిప్పనా, నా పద్ధతి తప్పంటావా?"

"అనను ప్రభూ. తెలిసినవాళ్ల పిల్లలకే చోటు దొరికే రోజులు దాంతోనే పోయాయి. కాకపోతే అర్జీ చివర కాస్త చోటు వదిలి, మేం అడగనిది ఏదైనా ఉంటే చెప్పమనండి. చెప్పినవాళ్లను పిలిచి వినండి."

"మళ్లీ నెలలు పడుతుంది."

"పడుతుంది. తమ పన్ను కోసం తమరొక ప్రశ్న అదనంగా అడిగారు కదా. వాళ్లకూ ఆ ఒక్క ప్రశ్న దక్కితే చాలు."

రాజుకు నవ్వాగలేదు. బుగ్గ పట్టుకునే నవ్వాడు. కోనప్పను చేర్చుకోమని ఆచార్యులకు చెప్పి, తన శాలువా తీసి తిప్పనకు కప్పాడు.

"ఇంకో బహుమానం కూడా ఉంది. ఈ ఏడు తిరిగిపోయినవాళ్లందరి మాటా నువ్వే వినాలి" అన్నాడు.

తిప్పన విద్యాలయం అరుగు మీద కూర్చుని వినడం మొదలుపెట్టాడు. నిజం చెప్పేవాళ్లూ వచ్చారు, కథలు అల్లేవాళ్లూ వచ్చారు. ఎవరు ఎలాంటివాళ్లో తేల్చుకోలేక సతమతమయ్యాడు. వారం తిరక్కుండానే రాజు దగ్గరికొచ్చి, "ప్రభూ, ఇది నా ఒక్కడి వల్ల కాదు" అన్నాడు.

రాజు మళ్లీ నవ్వి, కిరీటం తీసి పక్కన పెట్టాడు.

"పద, నేనూ వచ్చి కూర్చుంటాను."